పేరు చెప్పని పి.పి. కాల్

మా గల్లీలో ఇప్పటికీ నన్ను 'టెలిఫోన్ పిల్ల' అనే పిలుస్తారు. జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు మెట్లెక్కనని మొరాయిస్తున్నాయి, పెన్షన్ తీసుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. అయినా కామాఠీపురాలో ఒకసారి పెట్టిన పేరు మనిషితోనే పోవాలి తప్ప ముందు పోదు. బొంబాయి ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా ఉద్యోగం వచ్చిన రోజున ఒంటిగది ఖోలీలు వరసగా ఉన్న మా చాల్‌లో ఉండే మేస్త్రీ భార్య పెట్టిన పేరది. ఆవిడ గురించే ఈ నాలుగు మాటలు. మీలో ఎవరైనా పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఫోన్ నేర్పాలనుకుంటే చదవండి. అనుకోకపోయినా చదవండి, మీరూ ఎప్పుడో ఒకప్పుడు ముసలివాళ్ళవుతారు.

ముందు నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో దూరపు ఊరికి ఫోన్ చెయ్యాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసుకుని కాచుక్కూర్చోవాలి. అందులో పి.పి. కాల్ అని ఒకటుండేది. అవతల ఫలానా మనిషే ఫోన్ దగ్గరికి రావాలి, అందుకని ఆ మనిషి పేరు ముందే మాకు చెప్పాలి. మగవాళ్ళతో ఏ ఇబ్బందీ లేదు. ఊరికెళ్ళిన భర్తతో మాట్లాడాలని మన తెలుగు ఆడవాళ్ళు ఫోన్ చేస్తే మాత్రం నా ప్రాణం మీదికొచ్చేది.

"ఎవరితో మాట్లాడాలమ్మా?"

"ఆయనతోని."

"ఆయనంటే?"

"గదేనమ్మా, పిల్లల నాయన."

పిల్లల నాయన అని కాల్ టిక్కెట్ మీద రాస్తే మా సూపర్‌వైజరు నన్ను ఇంటికి పంపించేది. పెనిమిటి పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ నమ్మకం. నమ్మకంతో పోట్లాడితే కాల్ కలవదు కదా. అందుకని నేనే దేవుళ్ళ పేర్లు వరసగా చదివేదాన్ని. అసలు పేరు రాగానే అవతల్నించి "ఊ" అని వినిపించేది. మావాళ్ళలో మగవాళ్ళందరికీ దేవుళ్ళ పేర్లే కాబట్టి మామూలుగా రెండో దేవుడి దగ్గరో మూడో దేవుడి దగ్గరో పని అయిపోయేది. పక్క సీటులో ఉండే మరాఠీ అమ్మాయి, డ్యూటీలో పూజ చేసుకునే ఆపరేటరువి నువ్వొక్కదానివే అని నవ్వేది.

మాకు ఇంకో నియమం కూడా ఉండేది. ఇద్దరూ హలో అనుకోగానే మేం తీగ మీంచి తప్పుకోవాలి. వాళ్ళ మాటలు వినకూడదు. ఉద్యోగంలో నేర్చుకున్న మర్యాదల్లో ఇంట్లోనూ వీధిలోనూ నాకు పనికొచ్చింది అదొక్కటే.

రిటైరయ్యాక కొన్నాళ్ళు సుఖంగా నిద్రపోయాను. ఈలోగా లోకంలోని పనులన్నీ ఫోన్‌లోకి దూరిపోయాయి. గ్యాస్ బండ కావాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా, ఆస్పత్రిలో నంబరు కావాలన్నా ఫోనే. మా చాళ్ళలోని ముసలివాళ్ళు దారిన పోయే ఎవరో ఒకరి చేతిలో ఫోన్ పెట్టి "జర చూడు బేటా" అనడం, ఆ బేటా ఏదో నొక్కేసి చక్కా పోవడం. ఏం నొక్కాడో వీళ్ళకి తెలీదు, అడగడానికి మొహమాటం. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. నాకంటే ముందే ఒళ్ళు మండి కూర్చున్న మనిషి మా గల్లీలోనే ఇంకొకడున్నాడు. సిటీ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైనవాడు, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"అక్కా, నువ్వు జిందగీ మొత్తం ఫోన్లల్లనే ఉన్నవ్. నేను జిందగీ మొత్తం మందిని లోపటికి నూకిన. ఇద్దరం కలిస్తే క్లాస్ నడుస్తది, చల్!" అన్నాడు.

అలా ఫోరస్ రోడ్ పక్క గల్లీలో మా తెలుగువాళ్ళ సంఘం గదిలో క్లాసు మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, కుళాయి నీళ్ళు వచ్చేలోపు. ఒకప్పుడు ఈ నగరానికి రాళ్ళు మోసి, ఇటుకలు పేర్చిన కుటుంబాల వాళ్ళే అందరూ. ధారావి నుంచి కూడా ఒకావిడ వచ్చేది. కండక్టరు గుమ్మం దగ్గర నిలబడి "పుఢే చలా, ముంగటికి జరుగుండ్రి, ఎనక జాగ లేదు" అని అరిచేవాడు. గదిలో నలుగురే ఉన్నా అలాగే అరిచేవాడు.

మేస్త్రీ భార్య తన భర్తని వెంటబెట్టుకుని వచ్చేది. ఆయన పేరున్న తాపీ మేస్త్రీ. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆవిడని వదినె అంటాను. రక్తసంబంధం ఏమీ లేదు. ఒకే అంతస్తులో పుట్టి పెరిగినవాళ్ళకి వేరే సంబంధం అక్కర్లేదు. అన్నకి కొన్నాళ్ళుగా మతిమరుపు పట్టుకుంది. మామూలు మరుపు కాదు. పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు, ఎప్పుడో కట్టిన గోడ మాత్రం ఇటుక ఇటుకా గుర్తుంటుంది. ఓసారి టీ తాగొస్తానని వెళ్ళి తప్పిపోయాడు. విరార్‌లో ఉండే కొడుకు పనులు మానుకుని వచ్చి, ఊరంతా వెతికి, ఎలాగో దొరకబుచ్చుకున్నాడు. తల్లికి ఒక స్మార్ట్‌ఫోన్, తండ్రి మెడలో వేలాడదీయడానికి ఒక చిన్న బటన్ల ఫోన్ కొనిచ్చాడు. ఇంకోసారి ఇలా జరిగితే మాత్రం బయట నుంచి తాళం పెట్టి ఉంచాల్సిందేనని కచ్చితంగా చెప్పేసి వెళ్ళాడు. వాడిని తప్పుపట్టలేం, భయపడ్డాడు.

వదినెకి మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. "నేను బతికుండంగ ఆయనకు తాళమెయ్యనియ్య. ఈ బొంబైల ఆయన ఎన్ని దర్వాజలు నిలవెట్టిండో నీకెర్కేనా టెలిఫోన్ పిల్లా? గసొంటి మనిషిని దర్వాజెనక పెడ్తరా? నాకు ఫోన్ నేర్పు. ఎక్కడున్నా పట్టుకుంట" అంది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. అయినా మా క్లాసులో ఆవిడంత పట్టుదల ఎవరికీ లేదు.

చదువు రానివాళ్ళ కోసం ఒక సులువుంది. మైకు గుర్తు నొక్కి ఎవరితో మాట్లాడాలో వాళ్ళ పేరు చెబితే చాలు, ఫోనే కలుపుతుంది. ఈ సంగతి గొప్పగా ప్రకటించి, "ఒక్కొక్కరే మీ ఇంటాయన పేరు చెప్పండి" అన్నాను. ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకుంటూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకావిడ ధైర్యం చేసి ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుంది.

"గదే... ఏడుకొండల మీద ఉంటడు సూడు, గాయనకు చెయ్యి."

ఫోన్ వెంటనే సుప్రభాతం అందుకుంది. ఇద్దరు ముసలమ్మలు లెంపలేసుకుని లేచి నిలబడ్డారు. ఆపడం ఎవరికీ తెలీక అందరూ భక్తిగా వింటూ ఉండిపోయారు. ఆవిడ భర్త పేరేమిటో నేను చెప్పలేదు సుమా, మీరే ఊహించుకున్నారు.

నేను విసుక్కున్నాను. యంత్రానికి పేరు చెబితే ఎవరి ఆయుష్షూ తగ్గదని నచ్చజెప్పబోయాను. వదినె తల అడ్డంగా ఊపింది. "పెండ్లయి వచ్చిననాడు గడపల నిలవెట్టి ఆడబిడ్డలు అడిగితే ఒక్కపారి చెప్పిన. గంతే. మల్ల నా నోట్లకెల్లి రాలే."

ఈ కాలం పిల్లలకి తెలుసో లేదో. కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ మొదటిసారి ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆడబిడ్డలు గుమ్మానికి అడ్డం నిలబడతారు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెప్పి, "మేం వచ్చినం, తొవ్వ ఇడువుండ్రి" అంటేనే దారిస్తారు. మా చాల్‌లో ఈ వేడుకకి మరాఠీ ఇరుగుపొరుగు కూడా చేరేవాళ్ళు. వాళ్ళలోనూ ఆ ఆచారం ఉంది, పైగా వాళ్ళు పేరుని ప్రాసలో కట్టి చెప్పించుకుంటారు. వదినె పెళ్ళికి నేను చిన్నపిల్లని. అన్నకి తోడబుట్టిన ఆడపిల్లలు లేరు. అందుకని లంగా వోణీ కట్టించి, గుమ్మంలో అడ్డంగా నన్నే నిలబెట్టారు. ఆ సంగతి నేను మర్చిపోయి చాలా కాలమైంది. వదినె గుర్తు చేసేదాకా నాకు తట్టనేలేదు.

పేరు గొడవని కండక్టరే తెంపాడు. "అక్కా, బస్సుల పేరడిగి టిక్కెట్ ఇచ్చిననా? మొకం జూసి ఇచ్చిన. ఫొటో పెట్టు" అన్నాడు. అన్న ఫొటో తీసి వదినె ఫోన్ తెర మీద పెట్టాం. ఫొటో నొక్కితే కాల్ వెళ్తుంది. మొదటిసారి క్లాసులోనే ప్రయత్నించింది. వెనక బెంచీ మీద కూర్చున్న అన్న మెడలో ఫోన్ మోగింది.

"తిన్నవా?" అంది వదినె ఫోన్‌లో.

"నువ్వే గద పెట్టినవ్" అన్నాడు అన్న వెనక నుంచి.

చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత వదినె వాయిస్ మెసేజ్ పెట్టడం కూడా నేర్చుకుంది. మా క్లాసు గ్రూపులో అక్షరాలు ఉండవు, అన్నీ గొంతులే. పొద్దున్నే చాల్ వార్తలన్నీ వదినె గొంతులోనే వినేవాళ్ళం. ఎవరింట్లో చుట్టాలొచ్చారో, కుళాయిలో నీళ్ళు ఎందుకు సన్నగా వస్తున్నాయో, అన్నీ.

ఇక ఆ రోజు సంగతి. అన్న నిద్రపోతున్నాడని పక్క ఖోలీ ఆవిడకి చెప్పి, వదినె ఒక్కతే క్లాసుకి వచ్చింది. క్లాసు అయ్యాక అలవాటుగా ఫొటో నొక్కింది. మోగుతోంది, తియ్యడం లేదు. మళ్ళీ నొక్కింది. మూడోసారి నొక్కుతూనే లేచి వచ్చి మా చాల్ మెట్లెక్కింది, వెనకే మేం. ఖోలీ తలుపు తీసే ఉంది. పక్కావిడ కునుకు తీస్తోంది. ఫోన్ మోత లోపలి నుంచే వస్తోంది. గోడకి ఒక మేకు ఉంది. అన్న తన తాపీని ఎప్పుడూ దానికే తగిలించేవాడు. పనికి వెళ్ళడం మానేశాక కూడా అది అక్కడే ఉండేది. ఇప్పుడు ఆ మేకుకి ఫోన్ వేలాడుతూ మోగుతోంది. తాపీ లేదు.

వదినె గోడకి చేరగిలబడిపోయింది. "అయిపాయె. ఇగ తాళమే" అంది. మనిషి తప్పిపోయాడన్న భయం కన్నా ముందు ఆవిడ నోట వచ్చిన మాట అదే.

నాకు కోపమొస్తే బుర్ర బాగా పనిచేస్తుంది. "ఏడవడం తర్వాత. గ్రూపులో చెప్పు" అని ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ మైకు గుర్తు నొక్కింది. ఒక్క ముక్క వదల్లేదు.

"అందరు ఇనుండ్రి. మా ఇంటాయన కనవడ్తలేడు. తెల్ల అంగి, నీలం లుంగి. చేతిల తాపీ ఉంటది. కట్టే బిల్డింగుల కాడ చూడుండ్రి. కొట్టకుండ్రి, తిట్టకుండ్రి. ఆయన పనికి పోయిండనుకుంటున్నడు."

పేరు చెప్పలేదు. కండక్టరు వెనకాలే అన్న ఫొటో పెట్టాడు. కొడుకుకి నేను ఫోన్ చేశాను, పోలీసులకి కండక్టరు చెప్పాడు. ఆ తర్వాత కాసేపు గ్రూపు నిండా ముసలి గొంతులు. ఒకరు మార్కెట్ వైపు వెళ్తున్నామన్నారు, ఇంకొకరు స్టేషన్ వైపు. ఫోన్ ఎలా పట్టుకోవాలో నిన్నమొన్నటిదాకా తెలియని మనుషులు, మెట్లు దిగలేని మనుషులు కూడా తమకు తెలిసిన వాళ్ళకల్లా ఆ మెసేజ్ పంపుతున్నారు. ధారావి ఆవిడ తన గల్లీలో ఉండే మహబూబ్‌నగర్ కూలీలందరికీ పంపింది. వాళ్ళు పొద్దున లేస్తే నగరం నలుమూలలా కట్టే బిల్డింగుల మీదే ఉంటారు. ఆ సాయంత్రం వాళ్ళందరి చెవుల్లోకీ వదినె గొంతు వెళ్ళింది. తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

దాదర్ దగ్గర ఒక పనిలో ఇటుకలు మోస్తున్న కూలీ ఆవిడ విన్నది. ఆవిడ నంబరు గ్రూపులో పడింది. వదినె ఫోన్ నుంచే వీడియో కాల్ కలిపాను. అవతల గాలీ, మిక్సర్ చప్పుడూ.

"అవ్వా, తాత ఈడనే ఉన్నడు. బుగులువడకు. కని దిగుతలేడు" అందావిడ, ఫోన్‌ని పైకి తిప్పుతూ.

అన్న పరంజా మీద, ఒక అంతస్తు ఎత్తులో ఉన్నాడు. గోడ ముందు గొంతుక్కూర్చుని, చేతిలో తాపీతో ఉత్త ఇటుకల్ని గీకుతున్నాడు. కింద కట్టలు కట్టిన ఇనప చువ్వలు ఉన్నాయి. ఎవరైనా దగ్గరికి వెళ్తే లేచి, చెక్క అంచుకి జరుగుతున్నాడట. అందుకే ఎవరూ ఎక్కడానికి సాహసించడం లేదు. కూలీ ఆవిడ పరంజా కర్ర పట్టుకుని కొంచెం ఎత్తుకి ఎక్కి, ఫోన్‌ని ఆయనకి కనిపించేలా పట్టుకుంది.

"ఏమయ్యా, ఇంటికి రా" అంది వదినె.

అన్న ఫోన్ వైపు చూశాడు. "ఎవరవ్వా నువ్వు?"

నేను "అన్నా!" అని అరిచాను. పలకలేదు. కండక్టరు "ఓ మేస్త్రీ!" అని బస్సు గొంతుతో కేకేశాడు. దానికి మాత్రం పలికాడు. "ఆ, పని మీదున్న! గోడ లేవాలె" అని ఇంకా గట్టిగా గీకడం మొదలుపెట్టాడు. కండక్టరు ఈసారి ఆయన అసలు పేరే పెట్టి పిలిచాడు. అన్న తల కూడా తిప్పలేదు.

"గాయన పొద్దుగాల్నే ఇంటికి పోయిండు" అన్నాడు.

అప్పుడు వదినె నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. లేచి వెళ్ళి తన ఖోలీ గడపలో నిలబడింది. తల మీదికి కొంగు లాక్కుంది. కండక్టరు చటుక్కున వరండా చివరికి వెళ్ళి మొహం అటు తిప్పుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఆయనకి అర్థమైంది. అందుకు ఆయనకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

వదినె ఫోన్‌ని నోటికి దగ్గరగా పెట్టుకుంది. పెనిమిటి పేరు చెప్పింది. అరవలేదు, పిలవలేదు. కొత్త పెళ్ళికూతురు గడపలో చెప్పినట్టే చెప్పింది. ఆ పేరు చెప్పి, "...ఆయన, నేను వచ్చినం. తొవ్వ ఇడువుండ్రి" అంది.

అవతల తాపీ చప్పుడు ఆగింది. అన్న నెమ్మదిగా తలెత్తాడు.

"ఎవరు అడ్డమున్నరు?"

వదినె నా వైపు చూసింది. "ఇంకెవరు, మీ చెల్లె. నువ్వు రాంది నన్ను లోపటికి రానిస్తలేదు. కాళ్ళు గుంజుతున్నయి" అంది.

"గా పిల్లకు పొగరెక్కువ" అన్నాడు అన్న. తాపీని లుంగీ మడతలో దోపుకున్నాడు. "నిలవడు, వస్తున్న" అని, పరంజా కర్ర పట్టుకుని, యాభై ఏళ్ళు అదే పని చేసిన మనిషిలా ఒక్క అడుగూ తడబడకుండా దిగాడు. కింద నిలబడ్డ కూలీలందరూ ఆయన చుట్టూ చేరారు. కూలీ ఆవిడ గట్టిగా ఏడ్చేసింది. ఇవతల నేను కూడా.

కొడుకు ఆ రాత్రే వచ్చాడు. తాళం మాట ఎత్తబోయేసరికి వదినె గ్రూపులో ఆ సాయంత్రం పడ్డ గొంతులన్నీ వాడికి వరసగా వినిపించింది. వాడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని అన్నీ విన్నాడు. తాళం కొనలేదు. ఇప్పుడు అన్న బయటికి వెళ్తే మా క్లాసు వాళ్ళే చూసుకుంటారు. "మేస్త్రీ టీ దుకాణం కాడున్నడు", "మేస్త్రీ మా మెట్ల మీద కూసున్నడు, చాయ్ ఇచ్చిన" అని గ్రూపులో గొంతులు పడుతూనే ఉంటాయి. నేను నేర్పింది మైకు గుర్తు నొక్కడం ఒక్కటే. మిగతాది వాళ్ళు నాకు నేర్పారు. ఫోన్ నేర్పబోయే పిల్లలకి నేను చెప్పగలిగింది కూడా ఇంతే. వాళ్ళు ఎందుకు నొక్కనంటున్నారో ముందు అడగండి. జవాబు విని విసుక్కోకండి. రేపు మీకు కావాల్సింది అదే కావచ్చు.

ఆ సాయంత్రం సంగతి ఇంకొకటి మిగిలింది.

కూలీ ఆవిడే పని మధ్యలో వదిలేసి అన్నని ట్యాక్సీలో తీసుకొచ్చింది. వదినె కిందికి దిగి ఎదురెళ్ళింది. ఇద్దరూ మెట్లెక్కి వస్తుంటే చాల్ మొత్తం వరండాలో నిలబడి చూస్తోంది. నేను ఖోలీ లోపల, అన్న పడుకోవడానికి చాప పరుస్తున్నాను. అన్న గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. లోపలికి రాడు. ఏమైందా అని నేను గుమ్మంలోకి వచ్చాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది చెల్లె, తొవ్వ ఇడువవా?"

నన్ను గుర్తుపట్టి ఎన్నాళ్ళయిందో. ఏం చెయ్యాలో నాకు తెలుసు. చిన్నప్పుడు లంగా వోణీలో చేసిన పనే. గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాను.

"పేరు చెప్తేనే" అన్నాను.

అన్న పక్కనున్న వదినె వైపు తిరిగాడు. అంతకుముందు ఎవరవ్వా నువ్వు అని అడిగిన మనిషి ఆవిడ మొహంలోకి తీరిగ్గా చూసి, ఆవిడ పేరు చెప్పాడు. పుట్టింటివాళ్ళు పెట్టిన పూర్తి పేరు. "...అది, నేను వచ్చినం" అన్నాడు. వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

ఆ రెండు పేర్లూ నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఇద్దరూ కలిశాక ఆపరేటరుకి అక్కడ పని ఉండదు. గుమ్మం మీంచి చెయ్యి తీసి, నేను పక్కకి తప్పుకున్నాను.